జామాయిల్ తోటల్లో మొక్కల ఎడం: ఒక్కో చెట్టు వాటాకు ఎంత నేల, ఎంత నీరు?

వ్యవసాయ అడవుల పాఠం చెబుతూ ఒకసారి నల్లబల్ల మీద ‘జామాయిల్: 3 × 2 మీటర్లు’ అని రాశాను. వెనుక బల్ల నుంచి ఒక విద్యార్థిని లేచి, రెండు మీటర్లే ఎందుకు, ఒక మీటరు ఎందుకు కాకూడదని అడిగింది. ‘సిఫారసు అది’ అని చెప్పి తరగతి ముగించాను. అది అబద్ధం కాదు గాని, సమాధానమూ కాదు. ఆ తరువాత కొంతకాలానికి పల్నాడు ప్రాంతంలో, మిరప వరుసగా దెబ్బతిని విసిగిపోయిన ఒక రైతు ఎకరాకు రెండు వేల జామాయిల్ మొక్కలు నాటడానికి సిద్ధమై, అదే ప్రశ్నను మరో రూపంలో అడిగారు: “మొక్కలెక్కువైతే టన్నులు ఎక్కువ రావా అండీ?” ఈ రెండు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

పత్తి, మిరప నేలల్లోకి చెట్టు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం పత్తికి, మిరపకు పేరు పొందినది. ఈ రెండు పంటలూ రైతుకు సిరినిచ్చినట్లే కష్టాన్నీ తెచ్చాయి. 1980ల మధ్యకాలంలో తెల్లదోమ ఉద్ధృతి పత్తి సాగును కుదిపివేసింది. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను పూత దశలోనే దెబ్బతీసింది. పురుగు మందుల ఖర్చు, కోత కూలీల కొరత, ధరల ఊగిసలాట కలిసినప్పుడల్లా కొంత భూమి సుబాబుల్, జామాయిల్ వైపు మళ్ళుతూ వచ్చింది. భద్రాచలం సమీపంలోని సారపాక కాగితపు మిల్లు 1989లో మొదలుపెట్టిన క్లోన్ పరిశోధన ఫలితంగా 1990ల ఆరంభం నుంచి మేలు రకం జామాయిల్ క్లోన్లు రైతులకు అందుబాటులోకి రావడం ఈ మార్పును వేగవంతం చేసింది.

పత్తిలో ఎడం తప్పితే నష్టం ఒక్క సీజనుకే పరిమితం. జామాయిల్‌లో మొదటి కోతకు సుమారు నాలుగేళ్ళు పడుతుంది. ఆ తరువాత అవే మోళ్ళ నుంచి ఒకటి రెండు కోతలు తీస్తారు. నాటిన రోజున తాడు పట్టి పెట్టిన గుర్తులు దాదాపు పన్నెండేళ్ళ పాటు ఆ పొలాన్ని శాసిస్తాయి. అందుచేత ఎరువు మోతాదు కంటే, కలుపు యాజమాన్యం కంటే ముందుగా ఆలోచించవలసిన నిర్ణయం మొక్కల మధ్య ఎడం.

వర్షాన్ని పంచి చూద్దాం

ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 850 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రంతో ఎడం గురించి చాలా సంగతులు తేలిపోతాయి.

3 × 3 మీటర్ల ఎడంలో హెక్టారుకు 1,111 మొక్కలు, అంటే ఎకరాకు సుమారు 450 పడతాయి. ఒక్కో చెట్టు వాటా 9 చదరపు మీటర్ల నేల, ఏడాదికి 7,650 లీటర్ల వాన. 3 × 2 మీటర్లలో హెక్టారుకు 1,666, ఎకరాకు సుమారు 674 మొక్కలు. చెట్టుకు 5,100 లీటర్లు. 2 × 1.5 మీటర్లలో హెక్టారుకు 3,333 మొక్కలు. చెట్టుకు 2,550 లీటర్లు. పల్నాడు రైతు తలపెట్టినట్లు ఎకరాకు రెండు వేలు నాటితే ఒక్కో చెట్టుకు దక్కేది రెండు చదరపు మీటర్లు, సుమారు 1,700 లీటర్లు. అంటే 3 × 2 మీటర్ల తోటలోని చెట్టు వాటాలో మూడో వంతు.

ఇది మొత్తం వాన లెక్క. ఇందులో కొంత ఆకుల మీదే ఆవిరవుతుంది, కొంత పారిపోతుంది, కొంత నేల పైపొర నుంచి ఎండిపోతుంది. మిగిలిందే వేరుకు చేరుతుంది. మొక్కలు ఎన్ని నాటినా వాన పెరగదు, భాగస్వాములే పెరుగుతారు.

జామాయిల్ వేరు లోతుకు పోతుంది కదా, లోపలి నీటిని తీసుకోదా అని అడగవచ్చు. తీసుకుంటుంది. కర్ణాటకలోని హోసకోటె ప్రాంతంలో జరిగిన జల వినియోగ పరిశోధనల్లో, లోతైన నేలల్లోని జామాయిల్ తోటలు అధ్యయన కాలంలో కురిసిన వాన కంటే ఎక్కువ నీటిని వాడుకున్నట్లు తేలింది. పూర్వపు వానల నుంచి నేల లోపల నిలువ ఉన్న తేమను అవి తోడుకున్నాయి. ఆ నిలువ ఒకసారి తరిగితే మళ్ళీ నిండడానికి మంచి వానలున్న ఏళ్ళు కావాలి. తొలి కోతలో చిక్కని తోట బాగానే ఉన్నట్లు కనిపించి, రెండో కోతలో నీరసించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఎత్తు మోసం చేస్తుంది, లావు నిజం చెబుతుంది

దగ్గరగా నాటిన తోటను బాట మీద నుంచి చూసేవారికి అది ఏపుగా ఉన్నట్లే తోస్తుంది. వెలుతురు కోసం పోటీ పడే మొక్క ముందు ఎత్తుకు పెరుగుతుంది. మామూలుగా రైతులు పాటించే ఎడాల పరిధిలో ఎత్తు మీద సాంద్రత ప్రభావం తక్కువ. మరీ చిక్కనైతే తప్ప ఎత్తు తగ్గదు. తగ్గేది కాండం లావు. ఎడం పెరిగిన కొద్దీ ఛాతీ ఎత్తు వద్ద వ్యాసం పెరుగుతుందన్నది యూకలిప్టస్ మీద పలు దేశాల్లో జరిగిన ప్రయోగాలన్నింటిలోనూ స్థిరంగా కనిపించే ఫలితం.

వ్యాసంలో చిన్న తేడా కలపలో పెద్ద తేడా. అడ్డుకోత వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న కాండం అడ్డుకోత వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 14 సెంటీమీటర్లదైతే 153.9, అంటే దాదాపు రెట్టింపు. హెక్టారుకు 10 సెంటీమీటర్ల చెట్లు 2,222 ఉన్న తోటకు మొత్తం అడ్డుకోత వైశాల్యం 17.4 చదరపు మీటర్లు. 14 సెంటీమీటర్ల చెట్లు 1,111 ఉన్న తోటకు 17.1 చదరపు మీటర్లు. ఎత్తు, కాండం ఆకృతి సమానమనుకుంటే రెండు తోటల కలప దాదాపు ఒకటే. రెండోదానికి మొక్కలు సగం, గుంతలు సగం, నరికే చెట్లు సగం. కాండాల చుట్టుకొలతలన్నీ కలిపి చూస్తే మొదటి తోటలో ఒలవవలసిన బెరడు సుమారు 43 శాతం ఎక్కువ. బెరడు ఒలిచి అమ్మేచోట ఆ కూలి అంతా రైతు ఖర్చే.

ఈ తర్కానికి శాస్త్రంలో దీర్ఘ చరిత్ర ఉంది. సమాన వయసు గల చెట్ల గుంపులో సగటు లావుకు, సంఖ్యకు ఉన్న సంబంధాన్ని 1933లో రైనెకె సూచికగా రూపొందించాడు. దక్షిణాఫ్రికాలో 1930లలో ఓకానర్ ఆరంభించిన సాంద్రత ప్రయోగాలు అడవుల శాస్త్రానికి పునాదిగా నిలిచాయి. సాంద్రత ఒక హద్దు దాటాక మొక్కలు ఎన్ని పెంచినా నేల నుంచి వచ్చే మొత్తం జీవరాశి పెరగదని, ఆ పరిమితికి దగ్గరైన గుంపులో బలహీనమైనవి చనిపోతూ మిగిలినవి లావవుతాయని 1950, 60లలో జపాను శాస్త్రవేత్తలు సూత్రీకరించారు. చిక్కని తోట ఈ పరిమితిని త్వరగా చేరుతుంది. పలుచని తోట ఆలస్యంగా చేరుతుంది. మొదటి రెండేళ్ళలో చిక్కని తోటలో టన్నులు ఎక్కువగా ఉండడం నిజమే. నాలుగో ఏటికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. కోత వయసు చెప్పకుండా ఎడం చెప్పడం అందుకే అసంపూర్ణం.

క్లోన్ తోటలో పోటీ స్వభావం వేరు

గింజ మొక్కల తోటలో ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. దగ్గరగా నాటితే బలమైనవి పైకి వచ్చి, బలహీనమైనవి కిందబడి ఎండిపోతాయి. ఒక విధంగా తోట తనను తాను పలుచన చేసుకుంటుంది. క్లోన్ తోటలో మొక్కలన్నీ ఒకే వారసత్వం గలవి, ఒకే రోజున నాటినవి. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. చావవలసినవి చావక, లావు కావలసినవి లావు కాక, తోట మొత్తం మణికట్టంత లావులో ఆగిపోతుంది. క్లోన్ వాడుతున్నాం కాబట్టి ఎక్కువ మొక్కలు పట్టించవచ్చునన్న అభిప్రాయం విస్తరణ సమావేశాల్లో తరచుగా వినిపిస్తుంది. నా దృష్టిలో సంగతి ఇందుకు విరుద్ధం. ఏకరీతి మొక్కకే ఎడం మరింత జాగ్రత్తగా ఇవ్వాలి.

సన్నగా, ఎత్తుగా పెరిగిన కాండానికి గాలి భయమూ ఉంది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు రెండూ బాపట్ల సమీపంలోనే తీరం దాటాయి. ఎత్తును వ్యాసంతో భాగించగా వచ్చే నిష్పత్తి పెరిగిన కొద్దీ కాండం వంగే, విరిగే ప్రమాదం పెరుగుతుంది. తీరానికి చేరువలోని మండలాల్లో ఎడం నిర్ణయించేటప్పుడు ఈ సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.

సరుగుడును, పత్తిని చూసి పోల్చుకోవద్దు

చీరాల, బాపట్ల తీరపు ఇసుక నేలల్లో సరుగుడును మీటరుకు మీటరు ఎడంలో నాటడం చూస్తుంటాం. అక్కడ అది చెల్లుతుంది. తీరపు ఇసుకలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. వాన వాటా మీదే చెట్టు ఆధారపడదు. సరుగుడు వేళ్ళ బుడిపెల్లోని ఫ్రాంకియా సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, అక్కడ నిటారైన సన్న వాసానికి సైతం గిరాకీ ఉంది. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల ఎర్ర నేలల్లో వర్షాధారంగా పెంచే జామాయిల్‌కు ఈ మూడు సదుపాయాల్లో మొదటి రెండూ లేవు.

పత్తిలో అధిక సాంద్రత పద్ధతిని ప్రోత్సహిస్తున్నాం కదా, చెట్లకు ఎందుకు వద్దన్నది విద్యార్థులు వేసే మరో ప్రశ్న. అక్కడ మనం ఎంచుకునేది పొట్టిగా, కొమ్మలు తక్కువగా ఉండే రకాలను, అమ్మేది దూదిని, మొక్కల మధ్య పోటీ ముదిరేలోగా పంట కాలం ముగుస్తుంది. జామాయిల్‌లో మనం అమ్మేది కాండాన్నే. పోటీ ముందుగా దెబ్బతీసేది కూడా కాండం లావునే.

సంఖ్య మార్చకుండా వరుస మార్చడం

ఎడం అంటే సంఖ్య మాత్రమే కాదు, అమరిక కూడా. 3 × 2 మీటర్లలోనూ, 6 × 1 మీటర్లలోనూ చెట్టు వాటా ఆరు చదరపు మీటర్లే. హెక్టారుకు 1,666 మొక్కలే. కాని రెండో అమరికలో వరుసల మధ్య ఆరు మీటర్ల బాట మిగులుతుంది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కాగితపు మిల్లు పరిశోధకులతో కలిసి ఉమ్మడి రాష్ట్రంలో చేసి, 2010లో ‘ఆగ్రోఫారెస్ట్రీ సిస్టమ్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ అంశాన్నే పరిశీలించింది. వరుసల మధ్య దూరం పెంచి, వరుసలో మొక్కలను దగ్గర చేసినప్పుడు, జంట వరుసలు నాటినప్పుడు అంతర పంటకు మేలు జరిగింది. ఏటా కొంత పంట కావాలనుకునే రైతుకు వెడల్పు వరుసలు అనుకూలమని అది సూచించింది.

మన ప్రాంతంలో దీనికి ఆర్థిక ప్రాముఖ్యంతో పాటు సామాజిక ప్రాముఖ్యమూ ఉంది. మిరప కోతలు, పత్తి తీతలు గ్రామంలోని మహిళా కూలీలకు నెలల తరబడి పని కల్పిస్తాయి. పొలమంతా చెట్టు అయితే ఆ పని నాలుగేళ్ళకు ఒకసారి నరికే ముఠాకు మళ్ళుతుంది. చిన్న రైతుకు సైతం నాలుగేళ్ళు రాబడి లేకుండా ఆగడం కష్టం. ఆ మధ్యలో అప్పు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వెడల్పు వరుసల మధ్య తొలి ఏడాది, వానలు బాగుంటే రెండో ఏడాదీ అలసంద, మినుము, కంది వంటి పంట తీయగలిగితే రైతుకు ఊపిరి సలుపుతుంది. మిరపను అంతర పంటగా నేను సూచించను. అది నీడకు ఓర్వదు. నీటి కోసం, ఎరువు కోసం చెట్టుతో పోటీ పడి ఓడిపోతుంది.

వరుసల మధ్య కనీసం మూడు మీటర్లు ఉంచడానికి ఇంకొక కారణం సేద్యం. ఆ మాత్రం లేకపోతే ట్రాక్టరు రెండు వైపులా మొక్కలను గాయపరచకుండా తిరగలేదు. మొదటి ఏడాది కలుపు తీయని తోటకు ఎంత ఎడం ఇచ్చినా ఫలితం దక్కదు. వెడల్పు వరుసలను తూర్పు పడమరలుగా పెడితే అంతర పంట మీద పడే నీడ తగ్గుతుంది.

గట్టు, పొరుగు పొలం

తోట లోపలి ఎడం రైతు సొంత విషయం; గట్టు దగ్గర ఎడం ఇద్దరి విషయం. సరిహద్దు వరుస చెట్లకు ఒకవైపు పోటీ ఉండదు గనుక అవి లావుగా పెరుగుతాయి. ఆ లావు కొంతవరకు పొరుగువాని పత్తి చేనులోని తేమ నుంచి వచ్చిందే. గట్టు పక్క పత్తి సాళ్ళు గిడసబారి, ఊళ్ళో తగవులు పెద్దమనుషుల దాకా వెళ్ళిన సందర్భాలు ఈ ప్రాంతంలో పనిచేసిన ప్రతి విస్తరణ అధికారికీ తెలుసు. సరిహద్దు నుంచి తొలి వరుసను వీలైనంత లోపలికి జరపడం, గట్టు వెంబడి మీటరు లోతు కందకం తీసి, ఏడాదికోసారి అందులోకి వచ్చిన పక్క వేళ్ళను నరకడం కనీస మర్యాదగా సిఫారసులో భాగం కావాలి.

ఇదే సంగతి ప్రయోగ క్షేత్రాల్లోనూ వర్తిస్తుంది. అంచు చెట్లను కొలతల్లో కలిపితే చిక్కని తోట దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో నేను తరచుగా దిద్దే పొరపాటు ఇది. స్థలం తక్కువైనచోట 1962లో నెల్డర్ ప్రతిపాదించిన చక్రాకార అమరికను వాడవచ్చు. కేంద్రం నుంచి బయటకు పోయిన కొద్దీ ఎడం క్రమంగా పెరుగుతూ, ఒకే చిన్న క్షేత్రంలో అనేక సాంద్రతలు కనిపిస్తాయి. రైతులకు చూపించడానికి కూడా అది మంచి సాధనం.

మోటు మీద మళ్ళీ అదే నిర్ణయం

మొదటి కోత తరువాత ఒక్కో మోటు నుంచి అనేక పిలకలు వస్తాయి. చాలామంది వాటిని అలాగే వదిలేస్తారు. 1,666 మోళ్ళ మీద మూడేసి పిలకలు ఉంచితే హెక్టారుకు దాదాపు 5,000 కాండాలు. నాటినప్పుడు పాటించిన ఎడం అంతటితో నిష్ఫలమైనట్లే. పిలకలు నిలదొక్కుకున్నాక, గాలికి ఊడిపోని విధంగా మోటుకు అంటిపెట్టుకున్న ఒకటి లేదా రెండు బలమైన వాటిని ఉంచి, మిగిలినవి తీసివేయాలి. వర్షాధార ఎర్ర నేలల్లో ఒకటే చాలు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఏం చెప్పాలి?

ఎడం అడిగిన రైతుకు సంఖ్య చెప్పేముందు మనం నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి. కలపను ఎవరు, ఏ లావులో, బెరడుతోనా లేకుండానా కొంటారు? నేల ఎంత లోతు, నీటి వసతి ఉందా? మధ్యలో పంట కావాలా? భూమి సొంతమా, కౌలా? కౌలు భూమి అయితే పన్నెండేళ్ళ పంట గురించి మాట్లాడడమే తగదు.

జవాబులను బట్టి నా సూచన ఇది. కాగితపు గుజ్జు కలప కోసం, అంతర పంట అక్కరలేని వర్షాధార ఎర్ర నేలల్లో 3 × 2 మీటర్లు. నేల లోతు తక్కువై, వానలు మరింత తక్కువైనచోట 3 × 3 మీటర్లు. పంట కూడా కావాలనుకునేవారికి, ముఖ్యంగా నల్లరేగడిలో, సంఖ్య పెంచకుండా 6 × 1 మీటర్లు లేదా జంట వరుసలు. నల్లరేగడి వేసవిలో బీటలు వారి లేత వేళ్ళను తెంపుతుంది, తుపాను వానల్లో నీరు నిలుపుతుంది. అక్కడ మురుగు కాలువలు లేకుండా జామాయిల్ నాటవద్దు. ఎకరాకు వెయ్యికి మించి మొక్కలు నాటమని వర్షాధార రైతుకు ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు.

సలహా ఇచ్చి ఊరుకోకుండా కొలవాలి. తోట లోపలి వరుసల్లో ముప్పై చెట్లను గుర్తించి, ఏటా ఒకే నెలలో, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపుతో చుట్టుకొలత తీయండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దాని నుంచి అడ్డుకోత వైశాల్యం, ఎత్తుతో కలిపి కలప అంచనా తేలుతుంది. ఏ ఏడాదైతే ఆ ఏటి పెరుగుదల అప్పటివరకు ఉన్న సగటు వార్షిక పెరుగుదల కంటే తగ్గిందో, కోతకు అదే సరైన వయసు. చిక్కని తోటలో ఆ ఏడాది ముందే వస్తుంది. రైతు ఎదుట నాలుగేళ్ళ కొలతలు పెడితే ఏ ఉపన్యాసమూ అక్కరలేదు.

పల్నాడు రైతు అప్పటికే నర్సరీకి బయానా ఇచ్చి ఉన్నారు. ఎకరాకు రెండు వేలు నాటారు. రెండో ఏడాది చివరికే కింది కొమ్మలు ఎండిపోయాయి. కోతనాటికి కాండాల్లో చాలా వాటిని కొనుగోలుదారు సన్నవని పక్కన పెట్టాడు. నరికిన తరువాత నన్ను పొలానికి రమ్మన్నారు. వరుసల్లో ఒకటి విడిచి ఒకటిగా మోళ్ళను తవ్వి తీసేయమని, మిగిలిన మోటుకు ఒక్క పిలకే ఉంచమని చెప్పాను. నాటేటప్పుడు పోయిన అవకాశం పూర్తిగా తిరిగి రాదు గాని, చెట్టుకు దక్కే నీటి వాటా రెట్టింపు అవుతుంది. ఈసారి ఆయన టన్నుల గురించి అడగలేదు. జేబులోంచి టేపు తీసి, చుట్టుకొలత ఏ ఎత్తులో కొలవాలో చూపించమన్నారు.